బార్లీ లేని బీరు

(మన సంఘం ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)

 

ఉగాదినాడు బీరును గురించి ఉపన్యాసమేమిటని కొందరు పెద్దలు కార్యదర్శిగారిని అడిగినారట. వారి ప్రశ్న న్యాయమైనదే. తాగుడువల్ల చెడిన సంసారములు మన చాళ్ళలో ఎన్ని వున్నవో మనందరికీ తెలుసు. తాగనివారిని తాగమని చెప్పటానికి మేము లేచి నిలబడలేదు. పేరు బీరుదే గాని, అసలు సంగతి అన్నానిది, నలుగురూ కలిసి కూర్చునే పంక్తిది. ఓపికతో వినండి.

మేము రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాలము. చదువు మెట్రిక్ వరకే సాగినది. వైద్యుడు చెప్పవలసినవి వైద్యుని దగ్గరే వినవలెను. చదివి, అడిగి, చూసి మేము తెలుసుకున్నది మాత్రం మీ ముందు పెడతాము.

మా ఆఫీసులో మాతోపాటు పనిచేసే తెలుగు మిత్రుడొకరున్నారు. ఆయన అనుమతితోనే చెప్తున్నాము గాని పేరు చెప్పము. నాలుగేళ్ళపాటు ఆయన మనిషి మనిషిగా లేడు. కడుపు ఉబ్బరము, విరేచనములు, మెట్లెక్కితే ఆయాసము. రక్తం తక్కువగా వున్నదని ఇనుము మాత్రలిచ్చినారు. మాత్రలు అయినవి గాని రక్తం పెరగలేదు. ఒకరు క్షయ అన్నారు, ఒకరు అమీబా అన్నారు, ఇంట్లో దిష్టి తీసినారు. చివరకు ఒక వైద్యుడు ప్రత్యేకమైన రక్తపరీక్ష చేయించి, ఆ మీదట గొంతులోనుండి గొట్టం పంపి చిన్నప్రేగులోని చిన్న ముక్కను తీయించి చూసినాడు. సీలియాక్ వ్యాధి అని తేలినది. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యములు జన్మలో ముట్టరాదన్నాడు. దీనికి మందు లేదు, పథ్యమే మందు.

చపాతీ మానినాడు, పావు మానినాడు. బాధపడలేదు. ఆయనకు కష్టమైనది వేరొకటి. జీతాలనాడు సాయంత్రం నలుగురము కలిసి రెండు సీసాల బీరు పంచుకొని, ఊరి కబుర్లు చెప్పుకొని ఇళ్ళకు పోవటం మా అలవాటు. బీరు బార్లీతో చేసేది. కొన్ని నెలలు ఆయన సోడా పట్టుకొని కూర్చున్నాడు. "ఒక్క గుక్కకు ఏమవుతుందోయ్" అని ఎవరో ఒకరు అనేవారు. క్రమంగా రావటం మానివేసినాడు. జబ్బు తగ్గి ఒళ్ళు చేసిన మనిషి, జబ్బులో వున్ననాటికంటే ఒంటరి అయినాడు. అది చూసి మేము బార్లీ లేని బీరు ఎక్కడైనా వున్నదా అని వెదకటం మొదలుపెట్టినాము.

ముందు ఈ జబ్బేమిటో చెప్పవలెను. ఇక్కడున్న అమ్మలకు ఇది మాకంటే బాగా తెలుసు. గోధుమపిండిని నీళ్ళతో తడిపి పిసికితే సాగుతుంది. అప్పడాల కర్రతో ఎంతయినా పలుచగా వత్తవచ్చును. జొన్నపిండి సాగదు, వేడినీళ్ళతో కలిపి అరచేతితో తట్టవలసిందే. గోధుమలో ఆ సాగే గుణమిచ్చేదే గ్లూటెన్ అనే మాంసకృత్తు. బార్లీలోను, రైలోను దానికి అన్నదమ్ములవంటివి వున్నవి. చిన్నప్రేగు లోపలి గోడమీద వెల్వెట్ గుడ్డ నూగువలె సన్నని వేళ్ళుంటవి; తిన్నదానిలోని సారమును రక్తంలోకి పీల్చేవి అవే. ఈ జబ్బున్నవారికి గ్లూటెన్ కడుపులో పడితే, వారి ఒంటిలోని రక్షకశక్తే పొరబడి ఆ నూగును గొరిగివేస్తుంది. ఎంత తిన్నా ఒంటపట్టదు. రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారుతవి, పిల్లలైతే ఎదగరు.

హాలండ్ దేశంలో డికే అనే పిల్లల వైద్యుడు గోధుమరొట్టెమీద ముందునుండే అనుమానంతో వున్నాడు. 1944–45 చలికాలంలో, యుద్ధపు కరువులో, అక్కడ రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చినది. 1950లో ఆయన తన పరిశోధనను గ్రంథరూపంలో సమర్పించినాడు. నేటి పథ్యమంతా అక్కడనుండి వచ్చినదే.

ఇది ఉత్తరాదివారి జబ్బు, బియ్యం తినే మనకు రాదు అని చాలామంది అంటారు. ఈ మాటను కొంచెం నిలబెట్టి అడగవలసి వున్నది. 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో మన దేశపు ఉత్తర, ఈశాన్య, దక్షిణ భాగాలలో కలిపి 23 వేలకు పైగా జనాన్ని పరీక్షించినారు. ఈ జబ్బు గుర్తులు రక్తంలో కనిపించినవారు ఉత్తరాన నూటికి 1.23 మంది, దక్షిణాన నూటికి 0.10, అనగా వెయ్యికి ఒకరు. కాని ఈ జబ్బుకు వీలిచ్చే వంశగుణము రెండు చోట్లా ఇంచుమించు సమానంగా, ముగ్గురిలో ఒకరికి పైగానే, వున్నది. తేడా యెక్కడ వున్నదంటే కంచంలో. ఉత్తరాన మనిషికి రోజుకు గోధుమ 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. జబ్బులోని తేడాకు ఇదే కారణం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయము. వంశగుణమున్న వారందరికీ జబ్బు వస్తుందని కాదు. రానివారే చాలా ఎక్కువ.

ఇక మన సంగతి చూసుకోండి. నిజాం రాజ్యపు పల్లెలనుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్ళు మోసిన కామాఠీల పేరుమీదనే కామాఠీపురా వెలసినది. వారు మూట కట్టుకొని వచ్చినది జొన్నలు. వారి మనుమల మనుమలము మనము తెల్లవారితే చాయలో పావు ముంచుతాము, మధ్యాహ్నం డబ్బాలో చపాతీ, సాయంత్రం స్టేషను బయట వడాపావు. ఫాక్‌లాండ్ రోడ్డు పేరు మారి పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అయినట్లే మన కంచం పేరూ మారినది. నెత్తురు మాత్రం ఊరినుండి తెచ్చుకున్నదే. కాబట్టి "మనకు రాదు" అని ధైర్యంగా చెప్పే హక్కు బొంబాయి తెలుగువారికి లేదని మా మనవి.

బీరు దగ్గరకు వస్తాము. రాగి మాల్టు మన ఇళ్ళలో క్రొత్త కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి చేసి పిల్లలకు జావ కాస్తాము. మొలకెత్తినప్పుడు గింజలోని పిండిపదార్థాన్ని తీపిగా మార్చే శక్తి పుడుతుంది. బీరువారు బార్లీకి చేసేది కూడా ఇదే. మొలక బార్లీని దంచి, వేడినీళ్ళలో కలిపి, ఆ తీపి నీళ్ళను వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు వేసి పులియబెడతారు. మన దేశపు మామూలు బీర్లలో బియ్యం కలిపేవి చాలా వున్నవి. బియ్యం పేరు చూసి మోసపోరాదు. బార్లీ మాల్టు అందులోనూ వుంటుంది. మన పెద్దలు మగ్గాలు నడిపిన లోయర్ పరేల్ మిల్లుల ఆవరణల్లో ఇప్పుడు వెలసిన బీరుశాలలలో గోధుమ బీరుకు గిరాకీ ఎక్కువ. సీలియాక్ మనిషికి అది రెండింతల విషము.

గ్లూటెన్ లేని బీరు పేరుతో లోకంలో అమ్మేవి రెండు రకములు. మొదటిది, జొన్న, బియ్యం, చిరుధాన్యాలవంటి గ్లూటెన్ లేని గింజలతోనే చేసేది. అమెరికాలో 2006లో న్యూ గ్రిస్ట్, రెడ్‌బ్రిడ్జ్ అనే జొన్న బీర్లు బజారుకు వచ్చినవి. జొన్నతో బీరు చేయటం మాత్రం అమెరికావారు కనిపెట్టినది కాదు. ఆఫ్రికాలో పల్లెజనం తరతరాలుగా జొన్న బీరు కాస్తున్నారు. నైజీరియా ప్రభుత్వం 1988లో బార్లీ మాల్టు దిగుమతిని నిషేధిస్తే అక్కడి పెద్ద కంపెనీలు కూడా జొన్నకు దిగివచ్చినవి. రెండవది, బార్లీతోనే చేసి, పులిసేటప్పుడు ఒక ఎంజైము వేసి గ్లూటెన్‌ను తుంచివేసేది. స్పెయిన్ దేశపు డౌరా ఈ రకమునకు చెందినది.

లండన్‌లో వుంటున్న మా మేనల్లుడు మొన్న సెలవులకు వచ్చినప్పుడు, కస్టమ్స్‌వారు అనుమతించే రెండు లీటర్ల లెక్కలో ఆరు చిన్న సీసాలు తెచ్చినాడు. మూడు జొన్న, బియ్యంతో చేసినవి. మూడు ఎంజైము వేసిన బార్లీవి. వాటికి తోడు ఇక్కడి మామూలు బీరు ఒకటి కొన్నాము. ఒక ఆదివారం సాయంత్రం మా గదిలో అయిదుగురము కూర్చున్నాము. మేము, మా మిత్రుడు, ఆఫీసువారిద్దరు, పై అంతస్తులో వుండే పెద్దాయన ఒకరు. ఆయన మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, పుట్టినది కరీంనగర్ వైపు పల్లె.

పని పద్ధతిగా చేసినాము. మిత్రుని గ్లాసు ఆయన ఇంటినుండే వచ్చినది. ముందుగా జొన్న సీసా తీసి, తొలి పోత ఆయనకే పోసి, ఆయన గ్లాసు వేరే బల్లమీద పెట్టినాము. మిగతా సీసాలు ఆ తర్వాతనే తెరిచినాము. నంజుకోటానికి వేయించిన పల్లీలు, ఉల్లిపాయ, ఉప్పు మాత్రమే. అంగడి మిక్స్చరు రానీయలేదు. మిగిలిన నలుగురికీ మూడు గ్లాసులు చొప్పున, ఏది ఏదో తెలియకుండా, పార్సిళ్ళమీద వ్రాసే సుద్దతో పళ్ళెంమీద అంకెలు వేసి ఇచ్చినాము. పోసినది మా మేనల్లుడు కాబట్టి మాకూ తెలియదు. వాసన, నురగ, రుచి, మింగిన తర్వాత నోట మిగిలేది అని నాలుగు గళ్ళు గీసి ఎవరి మార్కులు వారు వేసినాము.

ఎంజైము వేసిన బార్లీ బీరుకు, మామూలు బీరుకు తేడా చెప్పటంలో నలుగురిలో ఇద్దరు తప్పినారు. జొన్నదాన్ని మాత్రం నలుగురమూ పట్టుకున్నాము. రంగు తేలిక, లేత గడ్డిరంగు. నురగ వస్తుంది గాని ఇరవై లెక్కపెట్టేలోగా అణగిపోతుంది. మొదట కొంచెం తీపి, వెంటనే సన్నని పులుపు, చివర నాలుకమీద సత్తుగిన్నె అంచు తగిలినట్లు ఒక రుచి. బాగా చల్లగా వున్నంతసేపు అది తెలియదు. చల్లదనం తగ్గితే పైకి వస్తుంది. బార్లీకి వుండే వేయించిన రొట్టె వాసన, నోరు నిండే బరువు దీనికి లేవు. మార్కులలో మూడవదే అయినది.

పెద్దాయన మాత్రం అందరికంటే ఎక్కువ మార్కులు దానికే వేసినారు. ఎందుకని అడిగితే, "ఇందులో గటక వాసన వున్నదిరా" అన్నారు. జొన్నరవ్వ ఉడికించి మజ్జిగ పోసుకొని తినే గటక ఆయన చిన్ననాటి అన్నము. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మా మిత్రుడు మొదటి గుక్క నోట నిలుపుకొని మింగి, "కొంచెం పుల్లగా వున్నది, నురగ తక్కువ. ఇంకొకటి వున్నదా?" అన్నాడు. ఆ పూట ఊరి కబుర్లు ఆయనే ఎక్కువ చెప్పినాడు.

రుచిలో మామూలు బీరుకు దీటుగా నిలిచినది ఎంజైము బీరే గదా, దాన్ని ఆయన యెందుకు ముట్టలేదని మీరడగవచ్చును. మా ఆఫీసు భాషలో చెప్తాము. పార్సిలుమీద చీటీ ఒకటుంటుంది, లోపల సరుకు ఒకటుంటుంది. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేకపోతే గ్లూటెన్ లేనట్లే చీటీ అంటించవచ్చునని అంతర్జాతీయ ప్రమాణము. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ లెక్కా అదే. ఎంజైము ఆ గ్లూటెన్‌ను చిన్న చిన్న తుంపులు చేస్తుంది. తునిగిన తుంపులను పరీక్ష సరిగా లెక్కపెట్టలేదు. హాని చేసే తుంపు ఏదైనా మిగిలిందో లేదో నిశ్చయంగా చెప్పటం కష్టము. యూరప్‌లో 20 లోపు వస్తే ఆ చీటీ అంటించనిస్తారు. అమెరికాలో 2020 నాటి నిబంధన ప్రకారం పులియబెట్టిన సరుకుకు ఆ పేరు కావలెనంటే పులియబెట్టకముందు గింజలోనే గ్లూటెన్ లేకుండా వుండవలెను. మా మిత్రుని వైద్యుడు కూడా మొదటినుండీ గ్లూటెన్ లేని గింజతో చేసినదే తీసుకోమన్నాడు. జొన్న బీరు తాగిన తర్వాత ఆయనకు ఏ బాధా కలగలేదు. అయినా బాధ తెలియనంత మాత్రాన ప్రేగుకు హాని లేదనుకోరాదని, ఏడాదికొకసారి రక్తపరీక్ష తప్పదని కూడా ఆయనే మాకు చెప్పినాడు.

జొన్న బీరు విదేశపు సరుకు, ఖరీదైనది. అందరికీ మేనల్లుళ్ళు లండన్‌లో వుండరు. మరి దగ్గరలో ఏమున్నది? తాటికల్లు, ఈతకల్లు చెట్టు రసములే. గ్లూటెన్ ప్రసక్తి లేదు. ద్రాక్షసారాయమూ అంతే. విస్కీవంటివి బార్లీతో చేసినా, మరిగించి ఆవిరి పట్టేటప్పుడు మాంసకృత్తు అడుగునే మిగిలిపోతుంది కాబట్టి తర్వాత ఏమీ కలపనంతవరకు ఫరవాలేదని వైద్యులంటారు. మత్తు వద్దనుకునేవారికి నీరా వున్నది. ఈ నగరపు లోకల్ స్టేషన్లలో నీరా అమ్మే బడ్డీలు మన రైల్వేవారికి తెలిసినవే. ఎండెక్కితే పులిసిపోతుంది కాబట్టి చల్లగా, తాజాగా వున్నప్పుడే తాగవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. గ్లూటెన్ లేదన్న ఒక్క కారణంతో చేతికందిన కల్లు తాగరాదు. తెలంగాణలో మత్తుమందులు కలిపిన కల్తీకల్లు ఎన్ని కొంపలు తీసినదో పత్రికలు చదివేవారికి తెలుసు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో పలువురు మరణించినారు. ఈ నగరంలోనే 2015 జూన్‌లో మాల్వణీలో కల్తీసారా తాగి నూరుమందికి పైగా పోయినారు. జొన్నలున్నవి గదా అని చాల్‌లో స్వయంగా బీరు కాయబోవద్దు. అది 1949 నాటి మద్యనిషేధ చట్టం ప్రకారం నేరము. బీరు తాగటానికి ఈ రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండవలెనని యువకులు గుర్తుంచుకోవలెను. గ్లూటెన్ లేని బీరులోనూ మత్తు మత్తే. కాలేయానికి జొన్న, బార్లీ అనే భేదం లేదు. జబ్బు లేనివారు ఫ్యాషన్ కోసం గోధుమ మానవలసిన అవసరమూ లేదు.

ఇక మన సంఘానికి మా మనవులు నాలుగు.

మొదటిది వంటశాలకు. గోధుమ మైదా మన పండుగ వంటలో యెక్కడెక్కడ దాగి వున్నదో చూడండి. పోలెలలో, రవ్వకేసరిలో, సేమియాలో కనిపిస్తుంది. కనిపించనిది ఇంగువలో. అంగడిలో అమ్మే ముద్ద ఇంగువలో, పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. పులిహోరలో చిటికెడు వేస్తే ఆ పులిహోర అంతా అటువంటివారికి పనికిరాదు. చీటీ చదివి కొనవలెను. పోలెల ప్రక్కన బూరెలు కూడా చేయండి. పూర్ణం అదే, పైపూత బియ్యం, మినుముల పిండి. వాటికి నూనె మూకుడు, గరిటె వేరుగా వుంచండి.

రెండవది పిండి గిర్నీని గురించి. గోధుమలు ఆడిన రాతిమీదనే జొన్నలు ఆడితే జొన్నపిండిలో గోధుమ చేరుతుంది. అటువంటి రోగి వున్న ఇంటివారు గింజలు ఇంట్లోనే ఆడించుకోవటం మంచిది.

మూడవది ఇంటి పెద్దలకు. రక్తహీనత మందులకు లొంగకపోయినా, విరేచనాలు నెలల తరబడి విడవకపోయినా, పిల్లలు ఎదగకపోయినా ఈ పరీక్ష సంగతి వైద్యుణ్ణి అడగండి. పరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానితే జబ్బు వున్నా పరీక్షలో కనిపించకపోవచ్చును. ఇంట్లో ఒకరికి వున్నదని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవలెను. వారిలో పదిమందికి ఒకరికి వుండే అవకాశమున్నది.

నాలుగవది మావంటి మగవారికి. వద్దన్న మనిషిని "ఒక్క గుక్క" అని బలవంతం చేయవద్దు. కారణం చెప్పమని నిలదీయవద్దు. ఆయన గ్లాసులో సోడా వున్నా, నీరా వున్నా, మజ్జిగ వున్నా కుర్చీ ఆయనదే.

ప్రపంచమంతటికీ జొన్నపై పరిశోధన చేసే సంస్థ 1972 నుండి మన పటాన్‌చెరులో వున్నది. జొన్నకు పేరుపడ్డ షోలాపూర్ మన పద్మశాలీలకు రెండవ ఇల్లు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని లోకమంతా జరుపుకున్నది. గింజ మనది, నేల మనది, అవసరమూ మనలో కొందరిది. ఆ గింజతో ఇక్కడే మంచి బీరు చేసి, అందుబాటు ధరకు, నమ్మదగిన చీటీతో అమ్మేవారు రావలెనని కోరుకుంటున్నాము. అంతవరకు మన పంక్తిలోనుండి, మన స్నేహంలోనుండి ఎవరూ లేచిపోకుండా చూసుకోవటం మన చేతిలోని పని.

వంటశాలవారు మా మాట మన్నించి ఈ పూట బూరెలు కూడా చేసినారని ఇప్పుడే తెలిసినది. భోజనానికి ఆలస్యమవుతున్నది కాబట్టి ఇంతటితో సెలవు తీసుకుంటున్నాము.